గ్రాఫ్‌ను జరిపితే ఏటవాలు అసింప్టోట్ ఎటు పోతుంది?

మాది కావలి, ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. మా దగ్గర అసింప్టోట్ (గ్రాఫ్ దూరం పోయేకొద్దీ దగ్గరవుతూ పోయే గీత) మాట హైపర్‌బోలా దగ్గరే వస్తుంది. అమెరికాలో చదివే మా అక్క కూతురేమో వాట్సాప్‌లో రేషనల్ ఫంక్షన్ల (ఒక పాలినామియల్‌ను ఇంకోదానితో భాగించినవి) లెక్కలు పంపిస్తోంది.

వై = (2ఎక్స్ + 7)/(ఎక్స్ + 3) లాంటివైతే పేచీ లేదు. భాగిస్తే 2 + 1/(ఎక్స్ + 3). అంటే 1/ఎక్స్ గ్రాఫే 3 ఎడమకు, 2 పైకి జరిగింది. అసింప్టోట్లు ఎక్స్ = −3, వై = 2.

చిక్కంతా ఏటవాలు గీతతోనే. వై = (ఎక్స్² + 1)/(ఎక్స్ − 1) ని భాగిస్తే ఎక్స్ + 1 + 2/(ఎక్స్ − 1), అంటే ఏటవాలు గీత వై = ఎక్స్ + 1. దీన్ని 3 కుడికి జరిపితే ఏటవాలు గీత వై = ఎక్స్ − 2 అవుతుంది. కుడికి కాకుండా 3 కిందికి దించినా అదే గీత! నిలువు అసింప్టోట్ మొదటిసారి 4కి వెళ్లింది, రెండోసారి 1 దగ్గరే ఉంది కాబట్టి తేడా పట్టుకోగలిగాం.

మరి నిలువు అసింప్టోట్ అసలు లేకపోతే? ఎక్స్³/(ఎక్స్² + 1) తన ఏటవాలు గీత వై = ఎక్స్‌ను (0, 0) దగ్గర ఒక్కచోటే కోస్తుంది, ఆ బిందువు ఎటు పోయిందో చూస్తే చాలు. కానీ ఎక్స్ + 1/(ఎక్స్² + 1) తన గీతను ఎక్కడా తాకదే! అక్కడ జరిగిన గ్రాఫ్‌ను చూసి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని విడదీసేదెలా? గ్రాఫ్‌లు గీసే డెస్మోస్ సైట్‌లో కదలిక కనబడుతోంది గానీ ఆ పిల్లకు కారణం కావాలి, ఊరికే వదలదు లెండి. కాల్‌క్యులస్ లేకుండా చెప్పే దారి ఉంటే ఒక ఉదాహరణతో వివరించండి.