తాత చేసిన భోషాణాన్ని కోయకుండా దేనికి వాడుకోవచ్చు?

కడపలో మా ఇంట్లో తాతగారు స్వయంగా చేసిన వేపచెక్క భోషాణం ఉంది. పొడవు 5 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు 3. అప్పట్లో జొన్నలు, వేరుశనగ కాయలు పోసేవారు. ఇప్పుడు ఖాళీ. పుచ్చు, చెదలు లేవు.

పైన పరుపు వేసి కూర్చోవడానికి వాడి చూశాం. ఎత్తు ఎక్కువై కాళ్లు నేలకు ఆనడం లేదు. పుస్తకాలు పెడితే గాలాడక వానాకాలంలో ముక్కవాసన పట్టాయి. పైగా మూత ఒక్కరు ఎత్తలేనంత బరువు. అడుగున ఉన్నది తీయాలంటే సగం ఒళ్లు లోపలికి వంచాలి.

కింద అడుగున్నర కోసేస్తే చక్కటి బల్ల అవుతుందని వడ్రంగి అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇందులో ఒక్క ఇనుప మేకు లేదు, మూలలన్నీ చెక్కలో చెక్క దిగేలా బిగించి కర్ర చీలలు కొట్టారు. ముందు పలకను తడిమితే బాడిసె దెబ్బలు ఇప్పటికీ వేళ్లకు తెలుస్తాయి. కోస్తే కింది కీళ్లన్నీ పోతాయి. వెనకవైపు గాలికి రంధ్రాలు వేయడానికి, మూతకు కొత్త బందులు బిగించడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ఎత్తు తగ్గించకుండా, 10 అడుగుల వెడల్పున్న మా హాల్లో రోజూ పనికొచ్చేలా దీన్ని దేనిగా మార్చుకోవచ్చు?