‘పరి’ ఎక్కడి నుంచి వచ్చింది? మా నాన్నగారి బైబిలు అట్ట లోపలి వాక్యం

కృష్ణలంక టీచరమ్మ:
అందరికీ వందనాలు. నాలుగు నెలలుగా ఒక వాక్యం నన్ను పట్టుకుని వదలడం లేదు. మా నాన్నగారు గుంటూరు పక్క పల్లెలో బడిపంతులు. ఆదివారం సంఘంలో వాక్యం చెప్పేదీ ఆయనే. ఆయన బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. అట్ట లోపలి వైపు ఆయన చేతిరాతలో ఒకే వరుస ఉంది: ‘మిమ్మును మీరే పరిశోధించుకొనుడి.’ ఎక్కడిదో రాయలేదు.

2 కొరింథీయులకు 13:5 అనుకుని తీశాను. అచ్చులో ఇలా ఉంది: ‘మీరు విశ్వాసముగలవారై యున్నారో లేదో మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి, మిమ్మును మీరే పరీక్షించుకొనుడి.’ ‘పరి’ లేదు. నాన్నగారు వాక్యం తప్పు చెప్పగా నేను వినలేదు.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. మా అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడు. ఒక రాత్రి అన్నం తింటూ, ‘అమ్మా, బైబిలు సత్యమని నువ్వు చూసుకుని నమ్మావా, తాతయ్య చెప్పాడని నమ్మావా?’ అన్నాడు. ‘అలా అడగడమే శోధన రా’ అని నోరు మూయించాను. వాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ రాత్రే అట్ట తెరిచాను. నేను బైబిలును సత్యమనే నమ్ముతాను, అందులో మార్పు లేదు. కానీ వాణ్ణి ఆపడానికి నేను వాడిన మాటే పౌలు ‘చేయండి’ అంటున్న పని. పాత అచ్చుల్లో ఎక్కడైనా ఇక్కడ ‘పరి’ ఉందా? ఆ రెండక్షరాలు చేరితే అర్థం మారుతుందా?

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, నేను చూసిన ప్రతుల్లో అక్కడ ‘పరి’ లేదు. కానీ మీ నాన్నగారిది పొరపాటు కాదు, దిద్దుబాటు. నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాడిగా నా అభిప్రాయం ఇది: శోధన అపవాదిది, పరిశోధన దేవుడిది. మత్తయి 4:1 చూడండి, ‘అపవాదిచేత శోధింపబడుటకు’. ఆదికాండము 22:1 చూడండి, ‘దేవుడు అబ్రాహామును పరిశోధించెను’. 139వ కీర్తనలో దావీదు ‘దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము’ అంటాడు గాని ‘నన్ను శోధించు’ అనడు. అపొస్తలుల కార్యములులో బెరయ ఊరివారు, పౌలు చెప్పింది నిజమో కాదో అని లేఖనాలను ‘పరిశోధించుచు వచ్చిరి’. అనువాదకులకు ఈ తేడా బాగా తెలుసు. కొరింథీ పత్రికలో ఒక్కచోట చెయ్యి జారింది. మీ నాన్నగారు పట్టుకున్నారు.

అరండల్‌పేట పాఠకుడు:
మాస్టారూ, మీ సూత్రం వినడానికి అందంగా ఉంది, నిలవదు. హెబ్రీయులకు 11:17 తీయండి: ‘అబ్రాహాము శోధింపబడి విశ్వాసమునుబట్టి ఇస్సాకును బలిగా అర్పించెను.’ అదే అబ్రాహాము, అదే కొండ, అదే దేవుడు. ‘పరి’ ఎక్కడికి పోయింది? యోబు 23:10లో ‘ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును’. అక్కడా శోధించేది దేవుడే.

గ్రీకులో మత్తయి 4:1కీ, హెబ్రీ 11:17కీ, మనం మాట్లాడుకుంటున్న వాక్యానికీ ఒకటే క్రియ, పెయిరాజో. శత్రువు చేస్తే పడగొట్టడానికి, తండ్రి చేస్తే నిలబెట్టడానికి. మాట ఒకటే, చేసే చెయ్యి వేరు. రెండో సగంలో ఉన్నది దొకిమాజో, అదే ‘పరీక్షించుకొనుడి’. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయవారిదైతే మూడో క్రియ, అనక్రీనో. న్యాయస్థానంలో సాక్షిని విచారించడానికి కూడా వాడే మాట.

‘పరి’ ఎలా వచ్చిందంటారా? ఆ వాక్యం కంఠతా వచ్చినవాడి మనసులో ‘శోధించుకొని’, ‘పరీక్షించుకొనుడి’ పక్కపక్కనే ఉంటాయి. రెండూ కలిసి ‘పరిశోధించుకొనుడి’ అయింది. పాత ప్రతులు రాసిన లేఖకుల చేతుల్లో ఇలాంటివి ఎన్నో జరిగాయి. ప్రేమగా చదివేవాడికే జరిగే పొరపాటు ఇది.

గీటురాయి:
మా తాతల నుంచీ బెజవాడ వన్‌టౌన్‌లో బంగారం పని. మీ అందరికంటే తక్కువ చదువుకున్నాను గానీ ఈ రెండు పనులూ నా చేత్తో చేశాను కాబట్టి చెబుతున్నాను. శోధన, పరీక్ష ఒకటి కావు.

పరీక్ష అంటే గీటు. నల్లటి రాయి మీద నగను గీస్తాం, పక్కన వన్నె తెలిసిన మచ్చును గీస్తాం, ద్రావకం పెట్టి రంగు పోల్చుకుంటాం. నగ మారదు, మనకు తెలుస్తుంది అంతే. శోధన అంటే మూస. కరిగించి, ఊది, మష్టు తీసేయడం. అందులో బంగారమే మారుతుంది. 12వ కీర్తనలో యెహోవా మాటలు ‘మట్టిమూసలో ఏడు మారులు కరగి ఊదిన వెండియంత పవిత్రములు’ అని ఉంది కదా, అది మా పని. ఆయుర్వేదం వాళ్లు పాదరసాన్ని ‘శోధన’ చేయడం అంటే కూడా ఇదే, దోషం తీయడం.

మూసలో పెట్టాక మళ్లీ గీస్తాం. పౌలు వరుస కూడా అదే చూడండి: ముందు శోధించుకొని, తరువాత పరీక్షించుకొనుడి. టీచరమ్మగారూ, ఒక్క సంగతి. మూసలో పెడుతున్నామంటే అది బంగారం కాదని కాదు. బంగారమని నమ్మకం లేనిదాన్ని ఎవరూ బొగ్గు ఖర్చు పెట్టి కరిగించరు.

అరండల్‌పేట పాఠకుడు:
చాలా సంతోషం అన్నా. మీరన్న గీటే దొకిమాజోకు మూలార్థం. లోహాన్నీ నాణేన్నీ పరీక్షించి చెల్లుతుందనడం. అందుకే ఆ వాక్యం చివర ‘మీరు భ్రష్టులు కానియెడల’ అన్నచోట గ్రీకులో ఉన్నది అదోకిమోయ్, అంటే గీటుకు నిలవనివాళ్లు, చెల్లనివాళ్లు. పరీక్ష, పరీక్షలో తప్పడం ఒకే ధాతువు మీద ఆడుతున్నాయి. తెలుగులో ‘భ్రష్టులు’ అనేసరికి ఆ ఆట పోయింది, తిట్టు మిగిలింది. 1 కొరింథీ 9:27లో పౌలు తన గురించి ‘నేనే భ్రష్టుడనై పోదునేమో’ అనేదీ ఈ మాటే. రోమా 1:28లో ‘భ్రష్టమనస్సు’ కూడా.

బ్రాడీపేట మాస్టారు:
హెబ్రీ 11:17 నాకు గుర్తులేకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను. అయినా ‘భ్రష్టులు’ మంచి తెలుగు. భ్రంశమంటే జారిపోవడం. నిలవనివాడు జారుతాడు. అనువాదకుణ్ణి అంత తేలిగ్గా తీసేయకండి.

గుణదల:
శోధన మాట వచ్చింది కాబట్టి: ‘మమ్మును శోధనలోకి తేక’ అని ప్రభువు ప్రార్థనలో అంటూ, యాకోబు 1:13లో దేవుడు ‘ఎవనిని శోధింపడు’ అని చదివితే చిన్నప్పటి నుంచి నాకు గుండెలో ముల్లు. 2017లో పోపు ఫ్రాన్సిస్ ఈ వరుస గురించే మాట్లాడారు. ఇటలీలో 2020 నుంచి కొత్త పూజాగ్రంథంలో దీన్ని ‘శోధనకు మమ్మల్ని విడిచిపెట్టకు’ అనే అర్థం వచ్చేలా మార్చారు. ఒక్క క్రియ మీద అంత పెద్ద సంఘం ఇన్నేళ్లు ఆలోచించింది. టీచరమ్మగారి అబ్బాయి అడిగినదానికి మనం కంగారు పడనక్కరలేదు.

రేపల్లె చిన్నోడు:
‘చూచుకొనుడి’ గురించి ఎవరూ మాట్లాడలేదు. గ్రీకులో అక్కడ క్రియ ఒక్కటే కదా. మరి తెలుగులో ‘శోధించుకొని చూచుకొనుడి’ అని రెండు ఎందుకు? తిని చూడు, తొడిగి చూడు, అడిగి చూడు. పరీక్షించడానికి తెలుగువాడి సొంత మాట ‘చూడు’. అనువాదకుడు సంస్కృతం మాట పెట్టి, అది చాలదని మా అమ్మమ్మకు అర్థమయ్యే మాట కూడా చేర్చాడని నా ఊహ.

బ్రాడీపేట మాస్టారు:
భేషు నాయనా. ఇంకా లోపలికి వెళ్లు. పరీక్షలో ఉన్నది పరి, ఈక్ష. ఈక్ష అంటే చూపే. చుట్టూ తిరిగి అన్ని వైపులా చూడటం పరీక్ష. న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, ఉద్దేశం, లక్షణం, పరీక్ష అని మూడు మెట్లు. వస్తువు పేరు చెప్పి, గుర్తు చెప్పి, ఆ గుర్తు నిలుస్తుందో లేదో తేల్చడం. మూడోది లేకుండా మొదటి రెండూ శాస్త్రం కావు.

ఇక ‘పరి’ మీద నాకు ఇంకో అనుమానం. టీచరమ్మగారి నాన్నగారు పద్యం రాసేవారా? ‘శోధించు’ గురు గురు లఘువు. రెండు గురువులు పక్కపక్కన పడే ఈ మాట ఉత్పలమాల పాదంలోనూ, చంపకమాల పాదంలోనూ ఎక్కడా ఇమడదు. ఆటవెలది రెండు, నాలుగు పాదాల్లో అన్నీ సూర్యగణాలే కాబట్టి అక్కడా చోటు లేదు. ముందు ‘పరి’ చేర్చండి: లఘువు లఘువు గురువు, గురువు లఘువు. మత్తేభం ఎత్తుగడకు కొలిచి పోసినట్టుంది. కీర్తన తలచుకుని ఇప్పుడే ఒక పాదం అల్లాను:

‘పరిశోధింపుము దేవ నా హృదయమున్ భారంబు దీర్పంగదే’

యతి ప–భా. మిగతా మూడు పాదాలు ఎవరైనా పూర్తి చేయండి.

గుంటూరు నేల మీద బైబిలు మాట, పద్యం మాట ఒకచోట చేరితే జాషువాను తలచుకోకుండా ఎలా? 1895లో వినుకొండలో పుట్టి, గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠం చెప్పి, ‘క్రీస్తు చరిత్ర’ను పద్యకావ్యంగా రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. ఇమడని మాటను ఇమిడ్చే పని ఆయన ఎన్ని రాత్రులు చేశాడో! ‘శోధింపబడి’ లాంటి మాటను పద్యంలోకి తేవడమంటే రాయిని దారంలో గుచ్చడమే. నేను ఆయన్ని గుంటూరు వీధుల్లో నడిచి వెళ్తుండగా చూసినవాణ్ణి. చిన్నవాణ్ణి, పలకరించలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గీటురాయి:
మాస్టారూ, ‘పరిశోధింపుము’ బాగుంది. ‘భారంబు దీర్పంగదే’ ఎందుకు? దావీదు అక్కడ భారం దించమనలేదే, నాలో ఆయాసకరమైన మార్గముందేమో చూడు అన్నాడు. యతి కోసం అర్థం తప్పింది.

బ్రాడీపేట మాస్టారు:
చూడమని అడిగేవాడికి గుండెలో భారం లేకుండా ఉంటుందా?

అరండల్‌పేట పాఠకుడు:
అసలు ప్రశ్నకు వద్దాం. సందర్భం మరిచిపోతున్నాం. కొరింథువారు పౌలునే ఋజువు అడిగారు, క్రీస్తు నీలో పలుకుతున్నాడా అని. ఆ వేలును ఆయన వాళ్ల వైపు తిప్పాడు. గ్రీకులో ‘మిమ్మల్నే’ అనే మాట క్రియకు ముందు రెండుసార్లూ వస్తుంది. తెలుగులో ఆ ఊనికంతా ‘మీరే’లోని ఏత్వం మోస్తోంది. అసలు పట్టించుకోవాల్సిన అక్షరం అది, ‘పరి’ కాదు. బెరయవారు పరిశోధించింది తాము విన్న బోధను. కొరింథువారు శోధించుకోవాల్సింది తమను. అబ్బాయి అడిగింది మొదటిది, నాన్నగారు రాసుకున్నది రెండోది. రెంటినీ కలిపేస్తే చిక్కు.

కృష్ణలంక టీచరమ్మ:
అందరికీ నమస్కారాలు. మీ మాటలు వాడికీ చదివి వినిపించాను. ఒక సంగతి ముందే చెప్పవలసింది, నిన్న రాత్రి వెలుతురులో పట్టి చూసేదాకా నాకే తెలియలేదు. ‘పరి’ వరుసలో లేదు. ‘మీరే’కూ ‘శోధించు’కూ మధ్య హంసపాదు, అదే మాట చేర్చే గుర్తు, పెట్టి పైన రాశారు. వరుస నల్ల సిరా, ‘పరి’ నీలి సిరా. అంటే మొదట అచ్చులో ఉన్నట్టే ‘పరి’ లేకుండా రాశారు. ఎప్పుడో తరువాత కావాలనే చేర్చారు.

నాన్నగారికి పద్యం రాదు. చదివేవారు, అంతే.

అరండల్‌పేట పాఠకుడు:
అయితే నా వాదం పోయింది. జ్ఞాపకం జారినవాడు హంసపాదు పెట్టడు.

బ్రాడీపేట మాస్టారు:
దిద్దుబాటని మొదటిరోజే అన్నాను!

రేపల్లె చిన్నోడు:
దిద్దుబాటే కానక్కరలేదు. వేరే ప్రతితో పోల్చి పాఠాంతరం గుర్తు పెట్టుకుని ఉండొచ్చు. 1812లో సీరాంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయిన దగ్గర నుంచీ తెలుగు బైబిలును ఎన్నోసార్లు దిద్దారు కదా. 1842లో లూథరన్ మిషనరీ హైయర్ దొరగారు గుంటూరు వచ్చాక ఈ చుట్టుపక్కల ఇళ్లలోకి ఎన్ని రకాల ప్రతులు చేరి ఉంటాయో. మా అమ్మమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన పాతది ఒకటుంది, ‘ఱ’లు, అరసున్నలు ఉన్నది. ఆదివారం రేపల్లె వెళ్తున్నాను. కొరింథీ పత్రికలు చెదలు తినకుండా ఉంటే ఆ పేజీ ఫోటో పెడతాను.

గుణదల:
తమ్ముడూ, 139వ కీర్తన పేజీ కూడా తీసి పెట్టు.

కృష్ణలంక టీచరమ్మ:
తప్పకుండా పెట్టండి బాబూ. మేమిద్దరం రాత్రిపూట అపొస్తలుల కార్యములు మొదలుపెట్టాం. నిన్నటికి 17వ అధ్యాయం. ‘ఆలాగున్నవో లేవో అని’ దగ్గర మావాడు ఆగి, ‘లేవో అని కూడా చూశారన్నమాట’ అన్నాడు. అవునన్నాను. ‘అందుకే ఘనులన్నారా?’ అన్నాడు. నేను 12వ వచనం చదవమన్నాను. అందులో అనేకులు విశ్వసించారని ఉంది. చదివి, మళ్లీ వెనక్కి వెళ్లి 11 చదివాడు.

గీటురాయి:
మాస్టారూ, రెండో పాదం ప్రయత్నించాను, ‘మూస’ దగ్గర గణం తప్పుతోంది. కాస్త సాయం చేయరా?