స్పేయింగ్ అయిన పెద్ద వయసు జాతి కుక్కకు ఎంత ధర అడగడం న్యాయం?

ప్రశ్న – శునకప్రియ

అందరికీ నమస్కారం. మా దగ్గర నాలుగేళ్ళు దాటిన లాబ్రడార్ ఆడకుక్క ఉంది. కెన్నెల్ క్లబ్ నమోదు, వంశావళి పత్రం, మైక్రోచిప్, టీకాల పుస్తకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. రెండుసార్లు పిల్లలను పెట్టాక ఇక చాలనుకొని, ఆ తరువాతి ఎద ముగిసి మూడు నెలలు గడిచిన పిమ్మట గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించే ఆపరేషన్ (స్పేయింగ్) చేయించాము. ఆరోగ్యం బాగుంది, పసిపిల్లలతో ఓపికగా ఉంటుంది, పిలిస్తే వస్తుంది, ఇల్లు పాడు చేయదు.

అయితే ఇంట్లో ఉన్న మరో ఆడకుక్కకూ దీనికీ కొంతకాలంగా బొత్తిగా పొసగడం లేదు. ఒకటి గుమ్మంలో పడుకుంటే రెండోది ఆ గది దాటి రాదు; వస్తే మాత్రం ముందు చూపు బిగుసుకుంటుంది, తరువాత కరుచుకుంటాయి. శిక్షకుడి సలహాతో గిన్నెలు వేరు చేసి, విడివిడిగా నడకకు తీసుకువెళ్ళి, చివరకు గదులే వేరు చేసినా మార్పు రాలేదు. రెండూ తలుపుకు చెరోవైపు బతకడం చూడలేక దీనికి మంచి ఇల్లు వెతుకుతున్నాము.

ధర దగ్గర మాత్రం ఇంట్లో తలొక మాట అంటున్నారు. కాగితాలున్న జాతి కుక్క కనుక కుక్కపిల్ల ధరకు తగ్గవద్దని మా బావగారు అంటున్నారు. ప్రాణమున్నదానికి వెల కట్టడమేమిటి, నమ్మకమైనవాళ్ళకు ఊరికే ఇచ్చేయమని మా అత్తగారు అంటున్నారు. నాకు లాభం అక్కరలేదు, కాని దాన్ని చులకనగా చూసే చేతుల్లో పెట్టడమూ ఇష్టం లేదు. దేన్ని ఆధారం చేసుకొని ధర నిర్ణయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం – బ్రీడరు, లాబ్రడార్లు

శునకప్రియ గారూ, మీ బావగారి లెక్కలో ఒక లోపం ఉంది. బాధ్యత గల బ్రీడరు కుక్కపిల్లకు అడిగే ధరలో తల్లికీ తండ్రికీ చేయించిన తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షలు, జన్యు పరీక్షలు, జతకట్టించిన ఖర్చు, అరవై మూడు రోజుల చూడి కాలంలో ప్రత్యేక పోషణ, అవసరమైతే సిజేరియన్, ఆపై ఎనిమిది వారాలు పిల్లలను పెంచిన శ్రమ కలిసి ఉంటాయి. వీటితో పాటు ఆ పిల్ల రేపు ప్రదర్శనలకు పనికి రావచ్చు, సంతానం ఇవ్వవచ్చు అన్న ఆశకు కూడా కొందరు డబ్బు చెల్లిస్తారు. మీ కుక్కకు ఆపరేషన్ అయిపోయింది కనుక ఆ ఆశకు కట్టే విలువ పూర్తిగా పోయింది. ఉదాహరణకు అమెరికన్ కెన్నెల్ క్లబ్ నిబంధనల ప్రకారం స్పేయింగ్ అయిన కుక్కలు జాతి లక్షణాలను తీర్పు చెప్పే కన్ఫర్మేషన్ పోటీల్లో సాధారణంగా పాల్గొనలేవు, విధేయత, ఎజిలిటీ (అడ్డంకులు దాటే పరుగు) వంటి పోటీలకు మాత్రం అర్హత ఉంటుంది. అంటే వంశావళి పత్రం ఇక దాని పుట్టుకకు సాక్ష్యమే కాని సంపాదనకు మార్గం కాదు. అందుకని కాగితాల పేరు చెప్పి ధర పెంచడం నా దృష్టిలో సరికాదు.

ఇక వయసు సంగతి. లాబ్రడార్లు సాధారణంగా పది పన్నెండేళ్ళు, కొన్ని అంతకన్నా ఎక్కువే బతుకుతాయి. మీ కుక్క దాదాపు మూడో వంతు ఆయుష్షు మీ ఇంట గడిపింది. ఆ కాలమంతా పెట్టిన తిండి, వేయించిన టీకాలు, నేర్పిన నడవడి లెక్క కట్టి కొత్త యజమాని మీద వేయకూడదు, ఎందుకంటే దాని తోడును మీరు అనుభవించారు, రెండు కాన్పుల పిల్లలనూ మీరే తీసుకున్నారు.

నేను అనుసరించే పద్ధతి ఇది. ఆపరేషన్ ఖర్చు, ఈ ఏడాది వేయించిన టీకాలు, అమ్మేముందు చేయించే పరీక్షలు కలిపితే వచ్చే మొత్తం కింది హద్దు. మీ చుట్టుపక్కల ఇవే పరీక్షలు చేయించి అమ్మే మంచి బ్రీడరు కుక్కపిల్లకు అడిగే ధరలో సగం పై హద్దు. ప్రకటనల్లో కనిపించే ధరలను పోల్చుకోకండి, పరీక్షలు లేని పిల్లల ధరలూ వాటిలో కలిసిపోయి ఉంటాయి. ఇక సంతానం వద్దనుకున్న ఆడకుక్కలను కింది హద్దుకు దగ్గరగానే పంపడం మా వాళ్ళలో ఎక్కువమంది చేసే పని. ఇల్లు మంచిదని నమ్మకం కుదిరినప్పుడు నేను ఆపరేషన్ ఖర్చు మాత్రమే తీసుకుంటాను.

సమాధానం – పశువైద్యురాలు

ధర ఎంత అన్నదానికన్నా ముందు, దేనికి ధర అడుగుతున్నారో కాగితం మీద ఉండాలి. ‘ఆరోగ్యం బాగుంది’ అని మీరు రాశారు. కొనేవారు ఆ మాటకు కాదు, దాన్ని నిలబెట్టే నివేదికకు డబ్బు ఇస్తారు.

మీ కుక్క రెండు కాన్పుల తరువాత స్పేయింగ్ అయింది కనుక ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఈ ఆపరేషన్‌తో తొలగిపోయింది, అది చిన్న లాభం కాదు. కాని రొమ్ము గడ్డల నుంచి స్పేయింగ్ ఇచ్చే రక్షణ మొదటి ఎదకు ముందు చేయించినప్పుడే ఎక్కువ, ఎదలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. కనుక కుక్కను పక్కకు పడుకోబెట్టి, చంక దగ్గర నుంచి తొడ మూలం దాకా రెండు వరుసల్లో ఉన్న రొమ్ములను ఒక్కొక్కటిగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకొని నెమ్మదిగా తడిమి చూడాలి. పిల్లలకు పాలిచ్చిన కుక్కలో చర్మం వదులుగా వేలాడడం సహజమే, దాని లోపల పెసరగింజంత గట్టి పలుకు తగిలితే మాత్రం సహజం కాదు. అది తేలేవరకు కుక్కను చేతులు మార్చవద్దు.

రెండవది తుంటి, మోచేయి కీళ్ళు. లాబ్రడార్లలో ఈ లోపాలు వంశపారంపర్యంగా వస్తాయి. కుక్కల కీళ్ళ ఎక్స్‌రేలు చూసి గ్రేడు ఇచ్చే అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ రెండేళ్ళు నిండిన తరువాతే తుంటికి తుది గ్రేడు ఇస్తుంది, మీ కుక్క ఆ వయసు ఎప్పుడో దాటింది కనుక ఇప్పుడు తీసే ఎక్స్‌రే నమ్మదగినది. కుక్కపిల్లను కొనేవారికి దక్కని నిశ్చయం ఇది. పెద్ద కుక్కకు ధర పెట్టడానికి నాకు కనిపించే బలమైన కారణం కూడా ఇదే. ఎక్స్‌రే లేకపోతే కనీసం దూరం నడిపించి, అరగంట పడుకోనిచ్చి, లేచేటప్పుడు మొదటి నాలుగు అడుగులు చూడమని కొనేవారికి చెప్పండి. వెనుక కాళ్ళు బిగుసుకుని కదిలితే వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిందే.

మూడవది బరువు. స్పేయింగ్ తరువాత శరీరానికి కావలసిన ఆహారం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పైగా లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎమ్‌సీ అనే జన్యువులో లోపం ఉండి, ఎంత తిన్నా తృప్తి కలగదని 2016లో వెలువడిన కేంబ్రిడ్జ్ పరిశోధన తెలిపింది. పక్కటెముకల మీద అరచేయి ఆనించినప్పుడు ఎముకలు సులభంగా తెలియాలి. తెలియకపోతే కీళ్ళ మీద ఆ భారం పడుతున్నట్లే, ధర అడిగే ముందు బరువు తగ్గించాలి. ఇవి కాక, ఆపరేషన్ అయిన పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి కొన్ని నెలలకో ఏళ్ళకో నిద్రలో మూత్రం కారవచ్చు. మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది, కాని ముందే చెప్పి ఇవ్వడం ధర్మం.

సమాధానం – పెద్ద కుక్కను తెచ్చుకున్నవాడు

బ్రీడరు గారు చెప్పిన పై హద్దుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా ఇంట్లో అమ్మానాన్నలు పెద్దవారు. కుక్కపిల్లను తెస్తే రాత్రిళ్ళు లేవడం, చెప్పులూ తలుపులూ కొరకడం, పట్టీ లాగితే వాళ్ళు పడిపోతారేమోనన్న భయం తప్పవు. అందుకే స్వభావం స్థిరపడిన ఐదేళ్ళ కుక్కను తెచ్చుకున్నాము. ఎంత పెరుగుతుందో, ఉరుములకు బెదురుతుందో లేదో, కొత్తవారిని చూసి ఏం చేస్తుందో అన్నీ తెలిసే తీసుకున్నాము. మాలాంటివారికి ఆ తెలిసిన స్వభావం విలువ కుక్కపిల్ల ధరలో సగానికి మించే ఉంటుంది. అమ్మేవారు అంత అడగకపోవడం వారి మంచితనం, అడిగితే మాత్రం అన్యాయం అనను.

ఊరికే ఇవ్వడం గురించి కూడా ఒక మాట. ఉచితం అని రాస్తే అప్పటికప్పుడు మనసు పుట్టినవారూ, తీసుకువెళ్ళి తిరిగి అమ్మేవారూ మొదటి రోజే ఫోన్ చేస్తారు. ధర పెడితే వారిలో చాలామంది తగ్గుతారు. అయితే డబ్బు ఇవ్వగలిగిన ప్రతివారూ మంచివారని నమ్మకండి. ఇంట్లో పగలు ఎవరుంటారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఊరికి వెళితే ఎవరు చూస్తారు అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునేవారు రెట్టింపు ధర ఇస్తానన్నా ఇవ్వవద్దు. మీ అత్తగారి మాటలోని బాధ నాకు అర్థమవుతోంది. వెల కడుతున్నది ప్రాణానికి కాదని, దాన్ని అందుకోవడానికి ఎదుటివారు సిద్ధంగా ఉన్నారా అని చూడడానికేనని ఆమెకు చెప్పండి.

మరో ఆడకుక్కతో పడదన్న సంగతి ప్రకటనలోనే రాయండి. దాచి ఎక్కువ ధర తీసుకుంటే, ఆడకుక్క ఉన్న ఇంటికి వెళ్ళి అక్కడ కరుచుకొని మళ్ళీ మీ గుమ్మానికే వస్తుంది.

శునకప్రియ

ముగ్గురికీ కృతజ్ఞతలు. రొమ్ముల పరీక్ష, తుంటి ఎక్స్‌రే, రక్త పరీక్ష చేయించాకే ప్రకటన ఇస్తాము. ధర మాత్రం ఆపరేషన్‌కూ ఈ పరీక్షలకూ అయిన మొత్తమే అని నిర్ణయించుకున్నాము. పై హద్దు న్యాయమే కావచ్చు, కాని కుక్కలు లేని ఇల్లు, లేదా మగకుక్క ఒక్కటే ఉన్న ఇల్లు దొరకాలంటే అడిగేవారి సంఖ్య ఎలాగూ తగ్గుతుంది కనుక, ధర కారణంగా మంచి ఇంటిని పోగొట్టుకోవాలని లేదు. ఇంకొక సందేహం ఉంది. కొన్నాళ్ళు చూసి నచ్చకపోతే తిరిగి ఇస్తాము అని కొనేవారు అడిగితే ఒప్పుకోవచ్చా?

సమాధానం – బ్రీడరు, లాబ్రడార్లు

తప్పక ఒప్పుకోండి, మీరే ముందుగా ఆ మాట అనండి. మొదటి మూడు నాలుగు రోజులు కుక్క తిండి సరిగా తినకపోవడం, మూలకు పోయి పడుకోవడం మామూలే. ఆ సమయంలో ఎవరూ తొందరపడి నిర్ణయం తీసుకోకుండా గడువు కనీసం రెండు వారాలు పెట్టండి. పూర్తి మొత్తం ముందే తీసుకొని, గడువులోగా తిరిగి తెస్తే మొత్తం వెనక్కి ఇస్తామని రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. గడువు దాటిన తరువాత ఎప్పుడైనా వారు ఉంచుకోలేని పరిస్థితి వస్తే వేరెవరికీ ఇవ్వకుండా ముందు మీకే తెలియజేయాలన్న షరతు కూడా అందులో ఉండాలి. మైక్రోచిప్‌లోని పదిహేను అంకెల సంఖ్యను స్కానరుతో చదివించి, అదే సంఖ్యను ఒప్పందంలో రాయండి. చిప్ నమోదులో యజమాని పేరు మార్పు గడువు ముగిసిన రోజున చేయిస్తే సరిపోతుంది. దుప్పటిని ఉతకకుండా కుక్కతో పాటే పంపండి, ఇప్పుడు తింటున్న ఆహారం రెండు వారాలకు సరిపడా ఇవ్వండి. వాటికి విడిగా డబ్బు అడగవద్దు.