"అది వారల చేటగుఁ": వారలా, వారికా?

గుంటూరు పాఠకురాలు: జులై 17న మా దగ్గర కారంచేడు సంస్మరణ సభ ఉంది. చదవడానికి తిక్కన గారి రాయబారం పద్యం ఎంచుకున్నాను. మూడో పాదం దగ్గర ఆగిపోతున్నాను. నా నోటికి "వారికి చేటగు" అని వస్తోంది. మా పెద్దనాన్న "వారల" అనేవారు. ఏది సరి?

ఛందోభిమాని: వారల. పద్యం ఇదీ:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

పాపం ధర్మాన్ని, బొంకు సత్యాన్ని చెడగొడుతుంటే ఆపగలిగిన దక్షులు ఊరుకుంటే అది వారల చేటు, ధర్మాన్ని గట్టెక్కించడానికి దైవం ఉంది అని కౌరవ సభలో కృష్ణుడి మాట. ఛందస్సు ఉత్పలమాల. "వారికి" అన్నా భగణమే, యతీ చెడదు, కాబట్టి గణాలు వేసి తేల్చలేం. అర్థం చూడాలి. "వారికి చేటు" అంటే బయటినుంచి వచ్చి పడే శిక్ష. "వారల చేటు" అంటే ఊరుకోవడమే వాళ్ల నాశనం, వేరే శిక్ష అక్కర్లేదు.

నెల్లూరాయన: "వారల" అన్న షష్ఠీ విభక్తి మీద అంత బరువు వేయకండి మాస్టారూ. బరువంతా "దక్షులు" మీద ఉంది. సంస్కృత భారతం మూలంలో "ప్రేక్షమాణానాం", అంటే చూస్తూ ఉన్నవాళ్లు. వాళ్లను ఆపగలిగినవాళ్లుగా మార్చింది మా తిక్కనే. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా కూర్చున్నాడు, సభలో మౌనం ఎంత పని చేస్తుందో ఆయనకు తెలుసు. నన్నయ గారైతే ఈ మాట వేసేవారు కాదని నా నమ్మకం.

సంస్కృతం టీచర్: మూలం దాకా వెళ్తే దాన్ని ఆనుకుని ఉన్న శ్లోకం కూడా చూడాలి కదండీ. "విద్ధో ధర్మో హ్యధర్మేణ సభాం యత్ర ప్రపద్యతే, న చాస్య శల్యం కృంతంతి విద్ధాస్తత్ర సభాసదః." ములుకు దిగిన ధర్మం సభకు వస్తుంది. దాన్ని పెకలించకపోతే గాయం సభలో కూర్చున్నవాళ్లదే. ద్రౌపది ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పనప్పుడు విదురుడు అన్నదీ ఇదే. తిక్కన గాయాన్ని వదిలేసి "చేటు" అన్నారు, నాకది లోటుగానే ఉంది. వియత్నాం నుంచి వచ్చిన అమెరికా సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే 1990ల్లో మోరల్ ఇంజరీ అన్నది దీన్నే: పెద్ద స్థానంలో ఉన్నవాళ్లు న్యాయాన్ని వమ్ము చేస్తే మనిషి లోపల తగిలే దెబ్బ. "విద్ధాః", అంటే ములుకు దిగినవాళ్లు, అన్న మాటలో అదంతా ఉంది.

నెల్లూరాయన: నిండు సభలో ధర్మం సూక్ష్మమని తప్పుకున్న భీష్ముడు చివరికి అంపశయ్య మీదే కదా పడుకున్నాడు! "విద్ధాః" అంటే అక్షరాలా అదేనని నేనంటాను.

ఛందోభిమాని: మరి వికర్ణుడి సంగతి? సభలో నోరు విప్పినవాడు, అతనూ భీముడి చేతిలోనే పోయాడు.

చీరాల తమ్ముడు: ఆ శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది. ఏ సభలో ఏం చదువుతున్నామో చూసుకోండి అక్కా. 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ములుకు తీసే పని ఊరి పెద్దలు చేయలేదు. దెబ్బ తిన్నవాళ్లే ఒకచోట చేరి మొదలుపెట్టారు. దళిత మహాసభ అందులోంచే వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. 23 ఏళ్లు జనం కూడి ఉండకపోతే ఆ కేసు అక్కడిదాకా నడిచేదా? ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి వచ్చిన బొజ్జా తారకం గారికి మీ "దక్షులు" అన్న మాట సరిపోతుంది. ఆయన పేరు చెప్పి చదివితే నాకు అభ్యంతరం లేదు.

గుంటూరు పాఠకురాలు: తప్పకుండా చెబుతాను తమ్ముడూ. దెబ్బ తిన్నవాళ్లకు పద్యం వినిపించేంత దాన్ని కాను. ఆనాడు చూస్తూ ఊరుకున్న ఇళ్ల పిల్లలు కూడా సభకు వస్తున్నారు. ఈ పద్యం వాళ్లకోసం, నాకోసం.

వినుకొండ వాసి: అయితే జాషువా గారిని వదిలేస్తారా? గబ్బిలంలో ఆ పేదవాడి గోడు వినడానికి చుట్టూ ఒక్క మనిషి లేడు. శివుడికి కబురు చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. 1941 నాటి కావ్యం. వినే మనుషులు లేకపోవడం ఎంత పెద్ద గాయమో అంత సూటిగా చెప్పిన తెలుగు కవి నాకు ఇంకొకరు కనబడలేదు. తిక్కన సభ గురించి చెప్పాడు, జాషువా ఆ సభలోకి రానివ్వని మనిషి గురించి చెప్పాడు.

సంస్కృతం టీచర్: బాగా చెప్పారు. షే కూడా వినేవాళ్ల గురించే పట్టుబడతాడు. గాయపడ్డవాడి మాటను నమ్మి, వక్రీకరించకుండా మరో పదిమందికి చెప్పగలిగేవాళ్లు కావాలంటాడు. శ్లోకంలో పెకలించడానికి వాడిన "కృంతంతి" బహువచనం, గమనించారా? ఒక్కరు తీసే ములుకు కాదది.

ఛందోభిమాని: కృతీ ఛేదనే, అంటే కోయడం, అని కదమ్మా ధాతువు. ఛేదిస్తే బాణం విరుగుతుంది, మొన లోపలే ఉండిపోతుంది. "పెకలించడం" ఎక్కణ్నించి తెచ్చారు?

సంస్కృతం టీచర్: కోసి తీయడం అండీ. కోత లేకుండా శల్యం బయటికి ఎలా వస్తుంది?

ఛందోభిమాని: అది వైద్యం. నేనడిగింది వ్యాకరణం.

నెల్లూరాయన: అసలు "పారముఁ బొందలేక" ఎవరు? ధర్మసత్యాలైతే "చెడఁబాఱినది" అని ఏకవచనం ఎందుకు పడింది? అది అవస్థకు విశేషణమా?

గుంటూరు పాఠకురాలు: "వారల" అనే చదువుతాను. "దక్షు లెవ్వార" దగ్గర పాదం విరిగినట్టు వినబడకుండా ఎవరైనా చదివి వాయిస్ మెసేజ్ పెడతారా?