ఎల్‌ఏఎల్ పాసైన మాల్టోడెక్స్‌ట్రిన్, సెల్స్‌ల మాత్రం నీలిరంగు: ఏది నమ్మాలె?

ప్రశ్న (జడ్చర్ల, క్యూసీ మైక్రో):
మక్క స్టార్చ్ నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్ లాట్. ఎల్‌ఏఎల్ (బ్యాక్టీరియా విషం ఎండోటాక్సిన్‌ను పట్టే టెస్ట్) పాస్, ప్లేట్ కౌంట్ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) సున్నా. హెక్-బ్లూ టీఎల్ఆర్2 సెల్స్‌ల (బ్యాక్టీరియా ముక్కలను పట్టే టీఎల్ఆర్2 రిసెప్టర్ పెట్టిన సెల్స్; ముక్క తగిలితే ఫాస్ఫటేజ్ ఎంజైమ్ వదిలి మీడియంను నీలం చేస్తయి) వేస్తే మస్తు నీలం, నల్ సెల్స్‌ల (ఆ రిసెప్టర్ పెట్టని జత సెల్స్) కూడా కొద్దిగ. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) లాట్ ఉల్టా: పామ్3సీఎస్‌కే4 (టీఎల్ఆర్2ను తట్టిలేపే లిపోపెప్టైడ్) స్పైక్, అంటే తెలిసిన మోతాదు, కలిపినా రంగు రాదు. రెండింటికీ స్టాక్ 250 మి.గ్రా./మి.లీ.; వెల్‌కు 20 మైక్రోలీటర్ల శాంపిల్, 180 మైక్రోలీటర్ల సెల్స్ ద్రవం.

జవాబు (చౌటుప్పల్):
ఎల్‌ఏఎల్ తప్పు చెప్పలేదన్నా. అది పట్టేది గ్రామ్-నెగెటివ్ ఎండోటాక్సిన్‌ను. గ్రామ్-పాజిటివ్ గోడలోని పెప్టిడోగ్లైకాన్ దానికి చిక్కదు. 2002ల ఐకోడెక్స్‌ట్రిన్ డయాలిసిస్ ద్రవంతో పెరిటోనైటిస్ వచ్చింది ఇట్లనే: ద్రవం స్టెరైలే, కాని అందులో ఆలిసైక్లోబాసిల్లస్ అసిడోకాల్డేరియస్ పెప్టిడోగ్లైకాన్ ఉండె. వేడిలో, ఆమ్లంలో హాయిగా పెరిగే బ్యాక్టీరియా అది.

ముందు నల్ సంగతి తేల్చండి. అదే ప్లేట్‌ల మూడు రకాల వెల్స్ పెట్టండి: శాంపిల్ లేని నల్ సెల్స్, శాంపిల్ వేసిన నల్ సెల్స్, సెల్స్ లేకుండ శాంపిల్, డిటెక్షన్ మీడియం (రంగు చూపే ద్రవం) మాత్రమే. మొదటి దాంట్లనే నీలం వస్తే సీరంల ఉన్న ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను అనుమానించాలె. సీరంను 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి వాడండి. మూడో దాంట్ల వస్తే ఆ ఎంజైమ్ శాంపిల్‌లనే ఉన్నట్టు. రెండో దాంట్ల మాత్రమే వస్తే ఫ్లాజెలిన్ (బ్యాక్టీరియా తోక ప్రొటీన్) లాంటి వాటిని చూడండి, ఎందుకంటే హెక్ సెల్స్‌కు ఫ్లాజెలిన్‌ను పట్టే టీఎల్ఆర్5, పెప్టిడోగ్లైకాన్ ముక్కలను పట్టే నాడ్1 పుట్టుకతోనే ఉంటయి. నల్ విలువ తీసేసినంక మిగిలిందే టీఎల్ఆర్2 లెక్క. అది లిపోపెప్టైడ్ కూడా కావచ్చు, కాబట్టి పెప్టిడోగ్లైకాన్ ముక్కలను పట్టే నాడ్2 సెల్స్‌ల కూడా వేయండి.

సెల్స్ లేపేటప్పుడు ట్రిప్సిన్ వద్దు, రిసెప్టర్లు తెగిపోతయి. పీబీఎస్ (ఉప్పు బఫర్) పోసి మెల్లగ తట్టితే సాలు. వెల్‌కు 50 వేల సెల్స్. కన్‌ఫ్లుయెన్సీ (అడుగు సెల్స్‌తో నిండిన మేర) 80 శాతం దాటిన ఫ్లాస్క్ ముట్టొద్దు.

జవాబు (చిట్యాల):
డెక్స్‌ట్రోజ్‌ది ఉప్పేసి ఊరబెట్టినట్టే. మీ లెక్కన వెల్‌ల 25 మి.గ్రా./మి.లీ. గ్లూకోజ్, అంటే మీడియం మీద ఇంకో 139 మిల్లీఆస్మోల్ ఆస్మోటిక్ (సెల్స్‌లోంచి నీళ్లు లాగే) బరువు. సెల్స్ ముడుసుకుపోతయి, ఇంక స్పైక్‌కు ఏం పలుకుతయి? మాల్టోడెక్స్‌ట్రిన్‌ల అణువులు పెద్దవి, సంఖ్య తక్కువ. అందుకే అక్కడ తట్టుకుంటయి. డెక్స్‌ట్రోజ్ స్టాక్ 50కి దించండి, బరువు 28కి వస్తది. స్పైక్ రికవరీ (కలిపిన స్పైక్‌ల టెస్ట్‌ల కనబడ్డ వంతు) 50–200 శాతం మధ్య లేకుంటే "నెగెటివ్" అని రాయనేవద్దు.

ప్రశ్న:
0.22 మైక్రాన్ ఫిల్టర్, మళ్లీ ఆటోక్లేవ్ చేస్తే లాట్ బాగుపడ్తదా?

జవాబు (చౌటుప్పల్):
పడదు. ఫిల్టర్ బతికున్న బ్యాక్టీరియాను ఆపుతది గాని, కరిగిన గోడ ముక్కలను ఆపదు. ఆటోక్లేవ్‌కు బ్యాక్టీరియా సచ్చినా పెప్టిడోగ్లైకాన్ చెక్కుచెదరదు. ఇంకోటి, పెద్ద ముక్కలకు సెల్స్ సరిగ్గ స్పందించవు. శాంపిల్‌కు మ్యూటనోలైసిన్ (పెప్టిడోగ్లైకాన్‌ను కోసే ఎంజైమ్) పట్టించి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే సిగ్నల్ పెరుగుతది. పక్కన ఉత్త ఎంజైమ్ వెల్ తప్పక పెట్టండి, అది కూడ బ్యాక్టీరియా నుంచి తీసిందే. పెరిగితే లాట్ ఆపి, స్టార్చ్ స్లర్రీ, హైడ్రాలిసిస్ ట్యాంకు, కార్బన్ శుద్ధి తర్వాతి సిరప్ వేరువేరుగ తీసి ఇదే టెస్ట్ వేయండి. ఎక్కడ మొదలైతున్నదో అక్కడ దొరుకుతది.