బెల్ మోగితే చాలు, మా లాబ్రడార్ ఆగడు. ఏం చేయాలి?

మా బ్రూనోకి 14 నెలలు, 29 కిలోలు. కరవడు, కనీసం గుర్రుమనడు కూడా. బాధల్లా వాడి ప్రేమతోనే. కాలింగ్ బెల్ మోగగానే టైల్స్ మీద గోళ్లు టకటకలాడించుకుంటూ పరిగెత్తి, వచ్చినవాళ్ల భుజాల మీద రెండు కాళ్లూ వేసేస్తాడు. మొన్న శ్రావణ శుక్రవారం, వాయనం తీసుకుని చెప్పులేసుకుంటున్న పక్కింటి పిన్నిగారి మీదికి ఎగిరాడు. నానబెట్టిన శనగలు గుమ్మమంతా చెల్లాచెదురు. ఆవిడ నవ్వేశారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

గదిలో పెట్టి తలుపేస్తే ఒకటే అరుపు. "దిగు, దిగు" అని తోసేకొద్దీ అదో ఆట అనుకుంటున్నాడు. ఎవరూ లేనప్పుడు మాత్రం "సిట్" అంటే బుద్ధిగా కూర్చుంటాడు!

రెండు వారాలుగా లీష్ కట్టి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే ఉడికించిన చికెన్ ముక్క పెడుతున్నాను. కాస్త నయం. కానీ వాడు ఎగరగానే మా మావయ్యగారు "రారా నాన్నా" అని ముద్దు చేస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

వచ్చే నెల మా అత్తగారికి మోకాలి ఆపరేషన్. చూడ్డానికి చుట్టాలు వస్తూనే ఉంటారు, అదే నా టెన్షన్. బెల్ వినగానే చాప మీదికి వెళ్లి కూర్చోవడం ఎవరైనా నేర్పించారా? ఎన్నాళ్లు పట్టింది? మావయ్యగారు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో కూడా చెప్పండి.