పాత లాప్‌టాప్‌లో లినక్స్: వైఫై రావట్లేదు, తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా అమ్మ లాప్‌టాప్ పదేళ్ల నాటిది. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఇందులో లేదు. కీబోర్డు, స్క్రీన్ నిక్షేపంగా ఉన్న మెషీన్‌ని పారేయడానికి మనసొప్పలేదు. ఈమధ్య ఇలాంటివాళ్లు చాలామంది విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కి మారుతున్నారు కదా, నేనూ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈని (లినక్స్‌లో ఒక రకం, పాత మెషీన్లకి తేలికైనది) పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. 4 జీబీ ర్యామ్ మీద కూడా చకచకా తిరుగుతోంది! అమ్మ ముఖం చూడాల్సింది.

చిక్కల్లా వైఫైతోనే. నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీగా ఉంటోంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపితే మాత్రం నెట్ వస్తోంది. అలా కలిపి మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ (హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, వేసుకునే చోటు) తెరిస్తే, వైఫై కార్డుకి ఓపెన్ సోర్స్ కాని డ్రైవర్ ఒకటి చూపించింది. అది వేసుకుంటే తర్వాత కెర్నల్‌కి (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ తంటాలు పడాలా? నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపేయక తప్పదా, ఆపకుండా దారి ఉందా? లేక చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనడమే మేలా? అలాగైతే ఏ చిప్‌సెట్‌కి (అడాప్టర్ లోపలి ప్రధాన చిప్) డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుందో చెప్పండి.

ఇంకొకటి, నాకు దీని గురించే ఎక్కువ దిగులు. అమ్మ ఏళ్ల తరబడి రాసుకున్న పాటలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనిపించే పద్ధతి) కాని పాత ఫాంట్‌లో ఉన్నాయి. వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తున్నాయి. ఒక్క ఒత్తు కూడా పోకుండా యూనికోడ్‌లోకి మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ ఫైళ్లు భద్రమయ్యేదాకా విండోస్‌ని చెరపను.